కంపెనీ మూత – ఋణశేషము

 

దీపావళి నాడు, అనగా శ్రీ మహావీరస్వామి నిర్వాణము నొందిన దినమున, వర్తకుల యిండ్లలో క్రొత్త ఖాతా పుస్తకమునకు పూజ జరుగును. శ్రీకారము చుట్టి, పసుపు కుంకుమ లద్ది, మొదటి పుటలో లాభము కోరుదురు. ఆఖరి పుటకు పూజ చేసినవారు లేరు. వ్యాపారము తెరచుటకు ముహూర్తము చూతురు గాని, మూయుటకు పంచాంగము విప్పువారు లేరు. అందువలననే కాబోలు, మూయవలసిన దినము వచ్చినపుడు ఎంతటి బుద్ధిమంతుడైనను తడబడి, రాత్రికి రాత్రి బోర్డు త్రిప్పి తొలగిపోవును. తెరచునపుడు ఊరందరికి శుభలేఖలు పంచినవాడు, మూయునపుడు పక్కకొట్టువానికైనను చెప్పడు. అప్పులుండగా మూతపడు చిన్న లిమిటెడ్ కంపెనీ గతి ఏమి, దాని యజమానియైన శ్రావకుని గతి ఏమి అనునదే ఇచట విచారణ.

చట్టము దృష్టిలో కంపెనీ ఒక వ్యక్తి. దానికి పేరు కలదు, ఆస్తి కలదు, అప్పు కలదు. అది దావా వేయగలదు, దానిపై దావా వేయవచ్చును. మరి తత్త్వవిచారణలో దానిని ఎచట నుంచవలెను? జీవమా, అజీవమా? నిస్సంశయముగా అజీవమే. దానికి మనస్సు లేదు, నాలుక లేదు, చేయి లేదు. మనోవాక్కాయ యోగము లేనిచోట ఆస్రవము లేదు. ఆస్రవము లేనిచోట బంధము లేదు. అప్పు తెచ్చునపుడు మాట యిచ్చిన నాలుక ఒక జీవునిది, కాగితముపై సంతకము చేసిన చేయి ఒక జీవునిది. కావున అప్పు కంపెనీదని చట్టము వ్రాసికొన్నను, ఆ అప్పు చుట్టు జరిగిన పుణ్యపాపములను కంపెనీ ఖాతాలో వేయుటకు వీలు లేదు. అవి వేయదగిన ఖాతా ఒక్క జీవునిదే.

అట్లని లిమిటెడ్ అను ఏర్పాటే పాపమని తలపరాదు. ఆ కథ కొంత తెలియవలెను. ఇంగ్లండులో ఏరన్ సాలమన్ అను వర్తకుడు బూట్లు చేయించి అమ్మెడివాడు. (తోలు వ్యాపారము శ్రావకునికి నిషిద్ధము, ఆ సంగతి అటుంచి, అతని కథలోని లెక్క చూడవలెను.) 1892లో అతడు తన వ్యాపారమును కంపెనీగా మార్చెను. అప్పటి చట్టమునకు ఏడుగురు సభ్యులు కావలెను. తాను, భార్య, కుమార్తె, నలుగురు కుమారులు. లెక్కకు సరిగా ఏడుగురు! 20,007 వాటాలలో 20,001 అతనివి, తక్కినవారికి తలకొకటి. కొలదికాలమునకే వ్యాపారము చెడినది. కంపెనీ ఆస్తిపై హామీ పత్రము గలవారికే ముందు చెల్లవలసి యుండగా, హామీ లేక సరుకిచ్చినవారికి ఏమియు మిగులలేదు. సాలమన్ సొంతముగ ఆ అప్పులు తీర్చవలెనా, వద్దా? 1896 నవంబరు 16న అచటి ప్రభువుల సభ తీర్పు చెప్పినది: కంపెనీ వేరు, సాలమన్ వేరు, అతడు తీర్చనక్కరలేదు. అతడు మోసగాడు కాడనియు చెప్పినది. అప్పటికి అతడును చితికిపోయి, పేదల పద్ధతిలో అప్పీలు నడుపుకొన్నవాడే.

భారతదేశమున వాటాదారుని బాధ్యతకు హద్దు 1857 చట్టముతో వచ్చినది. నేటి కంపెనీల చట్టము 2013 నాటిది. ఈ హద్దు లేకున్నచో నలుగురు కలిసి ఒక మిల్లు పెట్టుట కష్టమే. హద్దు తెలిసియే అప్పిచ్చినవానికి అన్యాయము జరిగినదనుట పొసగదు. బ్యాంకువారు తెలిసియే యిత్తురు; తెలిసినందువలననే సరుకుపై తాకట్టు వ్రాయించుకొని, డైరెక్టరుచేత సొంత హామీ కూడ పుచ్చుకొందురు. ఆ హామీ కంపెనీతోపాటు చచ్చునది కాదు. కంపెనీకి దివాలా పరిష్కారము ముగిసినంత మాత్రమున హామీదారు విడుదల కాడని 2021 మే 21న సుప్రీంకోర్టు స్పష్టపరచినది. కాని తాను బిల్లుపై నున్న ‘ప్రైవేట్ లిమిటెడ్’ అను మాట చదువక, “సేఠుగారు అడిగినారు, చాలును” అని ముఖము చూచి థానులు పంపిన బట్టల వర్తకుని మాట యేమి? అతడు నమ్మినది కంపెనీని కాదు. చిక్కు అంతయు ఇచటనే యున్నది.

నష్టము వచ్చుట నేరము కాదని ముందు చెప్పవలెను. ఎనిమిది కర్మలలో అంతరాయ కర్మ యొకటి. అందులో లాభాంతరాయము మరియొకటి. ఎంత కష్టపడినను, ఎంత తెలివి చూపినను చేతికి రానీయనిది అదియే. నష్టపడినవానిని చూచి వేలెత్తి చూపువాడు ఈ సిద్ధాంతము నెరుగనివాడు. అయితే నష్టము పాతకర్మ ఫలమైనను, ఇక తేరుకొనుట కల్ల యని తెలిసిన తరువాత తెచ్చిన సరుకు క్రొత్త కర్మ. 2016 నాటి దివాలా స్మృతియు 66వ సెక్షనులో ఇదే గీత గీసినది: దివాలా తప్పదని తెలిసియో, తెలియదగియుండియో, ఋణదాతల నష్టము తగ్గించుటకు జాగ్రత్తపడని డైరెక్టరు తన చేతి సొమ్ము కట్టవలసి రావచ్చును.

ఒక దృష్టాంతము తీసికొందము. బళ్ళారిలో రెడీమేడ్ బట్టలు కుట్టించు ఒక చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. డైరెక్టర్లు ఇద్దరే: భర్త, భార్య. లెక్క చూడగా బ్యాంకుకు 14 లక్షలు, బట్ట పంపిన అయిదుగురు వర్తకులకు 9 లక్షలు, దర్జీల కూలి లక్షన్నర, జి.ఎస్.టి. లక్షన్నర, బావమరిది యిచ్చిన చేబదులు 5 లక్షలు. వెరసి 31 లక్షలు. సరుకు, మిషన్లు అమ్మిన 11 లక్షలు. రావలసిన బాకీలు 5 లక్షలు. వెరసి 16. తక్కువ పడినది 15 లక్షలు.

ఇప్పుడు ఏ ద్వారమున బయటపడవలెను? 248వ సెక్షను క్రింద రిజిస్ట్రారుకు దరఖాస్తు పెట్టి పేరు కొట్టివేయించుకొనుట తేలిక, దానికి ఎస్.టి.కె.-2 అను ఫారము కలదు. కాని ఆ ద్వారమునకు గడప కలదు. బాధ్యతలన్నియు తీర్చిన పిదపనే అడుగు పెట్టవలెను. తీర్చితినని డైరెక్టర్లు ప్రమాణపత్రము వ్రాయవలెను. రెండవది దివాలా స్మృతి 59వ సెక్షను చెప్పు స్వచ్ఛంద మూత. చెల్లింపు తప్పని కంపెనీకి, ఆస్తి అప్పులకు చాలునని డైరెక్టర్లు ప్రమాణము చేయగలిగిన కంపెనీకి మాత్రమే అది. మూడవది ‘ఐ.పి. పెట్టుట’ అని జనులు వాడుకగా చెప్పునది. కంపెనీల విషయములో 2020 మార్చి 24న బాకీ మొత్తము కనీసము కోటి రూపాయలుండవలెనని పెంచిరి. 31 లక్షల కంపెనీకి అదియు మూతయే. ఇక మిగిలినవి రెండు: కంపెనీ ప్రత్యేక తీర్మానము చేసి ట్రిబ్యునలు నాశ్రయించుట, లేదా ఋణదాతలందరితో కూర్చుండి తేల్చుకొనుట. మొదటిది వ్యయముతోను, కాలముతోను కూడినది. రెండవదానికి కావలసినది సిగ్గు విడుచుట.

ఇట్టి సమయముననే సలహాదారు డొకడు ఎదురగును. “సరుకు మెల్లగా మీ బావమరిది గోడౌనుకు తరలించండి. అతని అయిదు లక్షలు అందులో చెల్లు వేసికొనును. రిటర్నులు దాఖలు చేయక వదలివేయండి, రెండు మూడేండ్లలో రిజిస్ట్రారే పేరు కొట్టివేయును” అని అతడు చెవిలో చెప్పును. ఉమాస్వామి ఆచార్యుల తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున సత్యాణువ్రతమునకు అయిదు, అచౌర్యాణువ్రతమునకు అయిదు అతిచారములు చెప్పబడినవి. ఈ ఒక్క సలహాలో వానిలో ఎన్ని యున్నవో లెక్కింపవచ్చును. సలహా చెప్పుట మిథ్యోపదేశము. పాత తేదీ వేసి బిల్లు సృష్టించుట కూటలేఖక్రియ. ఆ సరుకు తన గోడౌనులో దించుకొను బావమరిది చేసినది తదాహృతాదానము, అనగా దొంగ తెచ్చినదానిని పుచ్చుకొనుట. బాంధవ్యము ఆ పేరును మార్చదు. పైగా బ్యాంకు తాకట్టులో నున్న సరుకది!

చట్టమును గ్రుడ్డిది కాదు. దివాలా విచారణకు ముందు రెండేండ్లలో సంబంధీకులకు అధికముగా ముట్టజెప్పినది తిరిగి రాబట్టవచ్చును. రిటర్నులు మానుకొని కూర్చున్న కంపెనీల పేర్లు 2017లో రెండు లక్షలకు పైగా కొట్టివేయబడినవి. వరుసగా మూడేండ్లు లెక్కలు దాఖలు చేయని కంపెనీల డైరెక్టర్లు అయిదేండ్లు అనర్హులైరి. పేరు కొట్టివేసినను డైరెక్టర్ల, సభ్యుల బాధ్యత యథాతథముగ నుండును. ఋణదాత యిరువది యేండ్లలోపల ట్రిబ్యునలునకు పోయి ఆ కంపెనీని తిరిగి లేపించవచ్చును. ఋణదాతలను వంచించుటకే దరఖాస్తు పెట్టినట్లు తేలిన, నష్టపడినవారికి ఆ పెట్టినవారందరు బాధ్యులు. మోసమునకు శిక్ష వేరు.

బళ్ళారి వర్తకుడు సలహాదారుని పంపివేసి, ఒక తెల్లకాగితము తీసికొని బాకీదారుల పేర్లు వ్రాసినాడనుకొందము. తరువాత బ్యాంకుకు పోయి ఉన్నదున్నట్లు చెప్పెను. వారి యనుమతితోనే మిషన్లు, సరుకు అమ్మి 11 లక్షలు కట్టెను. వారు ఒకేసారి పరిష్కారమునకు ఒప్పుకొని, హామీ విడుదల చేసినట్లు ఉత్తర మిచ్చిరి. రాబడియైన 5 లక్షలలో మొట్టమొదట దర్జీల కూలి చెల్లించెను. దినకూలివానికి బియ్యము కొట్టులో అరువు పుట్టదు. అతని యింట పొయ్యి ఆరిన పిదప చెల్లించిన కూలికి సగము విలువ కూడ నుండదు. పన్ను చెల్లించెను. మిగిలినవి 2 లక్షలు. సొంత ఇంటిస్థల మొకటి అమ్మగా 3 లక్షలు. ఈ అయిదును అయిదుగురు వర్తకులకు వారి వారి బాకీల నిష్పత్తిలో పంచెను. బావమరిదికి ఒక్క పైసయు ఇవ్వలేదు. ఇంటిలో కొంత రగడ జరిగినది, జరుగక యుండునా?

ఇచట ఒక చిన్న సంగతి నడిచినది; చిన్నదే గాని కథలో అన్నిటికంటె బరువైనది. అహ్మదాబాదు వర్తకుడు పంపిన లెక్కలో ఒక బిల్లు తప్పిపోయినది. 40,000 రూపాయలు తక్కువ వ్రాసినాడు. కంపెనీ పుస్తకములో ఆ బిల్లు కలదు. ఊరకుండిన ఎవరికిని తెలియదు. అతడే అడుగలేదు గదా! న్యాసాపహార మనగా ఇదియే. దాచుకొన్నవాడు మొత్తము మరచి తక్కువ అడిగినపుడు “ఔను, అంతే” యని యిచ్చి పంపుట అని పూజ్యపాదాచార్యులు తమ సర్వార్థసిద్ధి వ్యాఖ్యలో వివరించిరి. అందు దొంగతనము లేదు, అబద్ధపు పత్రము లేదు. ఒప్పుకొని తలయూపుట మాత్రమే కలదు. ఆ వర్తకునికి ఫోను చేసి, తప్పిన బిల్లు నంబరు చెప్పుటకు ఎంత సేపు పట్టును? అయినను, ఉన్నది చాలక పంచుకొను వేళ ఆ ఫోను చేయుట ఉపవాసముకంటె కష్టము.

ఇంకను వర్తకులకు 4 లక్షలు తరుగు. ఇద్దరు కలిసి లక్షన్నర వదలుకొంటిమని వ్రాసియిచ్చిరి. తక్కిన ముగ్గురికి రావలసిన రెండున్నర లక్షలు ఆ వర్తకుడు కంపెనీ పేరనుండి తొలగించి తన సొంత పేర వ్రాసియిచ్చెను. కంపెనీపై బాకీ లేదని వారు ఉత్తరము లిచ్చిరి. బావమరిది అయిదు లక్షలును అట్లే తన పేర వ్రాసికొనెను. అప్పటికి కంపెనీపై నిజముగనే బాకీ లేదు. ప్రమాణపత్రముపై భార్యాభర్తలు సంతకము చేసినపుడు అందు ఒక్క అక్షరమును అబద్ధము కాలేదు.

ఇట్లు అందరును చేయవలసినదే యని విధించుట తగునా? తగదు. మహావ్రతము మునులది, గృహస్థునిది అణువ్రతము, శక్తి ననుసరించినది. ముసలి తల్లిదండ్రులు, చదువుకొను పిల్లలు కలవాడు ఉన్న యొక్క ఇల్లు అమ్మి రోడ్డున పడవలెనని ఏ శాస్త్రమును చెప్పదు. శక్తి లేనివాడు ట్రిబ్యునలు ద్వారమున, అన్ని పుస్తకములు అప్పగించి, చట్టము పంచినట్లు పంచనిచ్చిన, అదియు మర్యాదయే. ఆ పంపకములో చట్టము పనివారి కూలిని, తాకట్టు గలవారిని ముందుంచి, సరుకిచ్చినవారిని బహుదూరము వెనుక నిలుపును. శక్తియుండి ‘లిమిటెడ్’ అను మాట వెనుక దాగువాని సంగతి వేరు.

శ్రావికల సంగతి యొకటి చెప్పవలసి యున్నది. ప్రైవేట్ కంపెనీకి ఇద్దరు డైరెక్టర్లు చాలును గనుక వర్తక కుటుంబములలో రెండవ పేరు తరచుగా ఇల్లాలిదే, లేదా తల్లిదే. వంటయింటినుండి పిలిచి, “ఇచట, ఇచట, మరి ఇచట” అని వ్రేలు చూపి సంతకము చేయింతురు. కృత, కారిత, అనుమోదిత మని ఆస్రవము మూడు విధములు. చదువక పెట్టిన సంతకము అనుమోదన కాదని ఎవరనగలరు? బ్యాంకు హామీపై నున్న ఆ సంతకము ఆమె పుట్టింటివారిచ్చిన బంగారముదాక వచ్చును. కావున భర్త చెప్పవలెను, ఆమె అడుగవలెను. “ఈ కాగితమేమిటండీ?” అని అడుగుట పతిభక్తికి లోపము కాదు.

అప్పిచ్చినవాడును శ్రావకుడైనచో అతని ధర్మము కూడ కొంత కలదు. ముఖము చూపి నిజము చెప్పినవానిని బజారులో అవమానించుట హింస. అట్టివాడు తీర్చలేని వడ్డీని వదలుకొనుట అభయదానమునకు దగ్గరిది. కాని క్షమ అనునది అడిగి గుంజుకొను వస్తువు కాదు. సంవత్సరి నాడు బాకీపడిన వర్తకునికి “మిచ్ఛామి దుక్కడం” అని సెల్‌ఫోనులో పువ్వుల బొమ్మతో సందేశము పంపి, బాకీమాట ఎత్తకయుండువారు కొందరు కలరు. పుచ్చుకొన్నవాడు దానిని ఏ పద్దులో జమ కట్టవలెను?

హేమచంద్రాచార్యులు 12వ శతాబ్దిలో యోగశాస్త్రమున గృహస్థునికి చెప్పిన ముప్పదియైదు గుణములలో మొదటిది న్యాయార్జిత ధనము. ఆదాయమునకు తగిన వ్యయము మరియొకటి. పూజకంటె ముందు ధనము సంగతి యేల చెప్పిరో పర్యూషణ దినములలో, దశలక్షణ దినములలో బోలీ పలుకుచోట చూచిన తెలియును. స్వప్నదర్శనమునకో, ప్రథమ కలశాభిషేకమునకో ఒకడు లక్ష పలుకును. సభ జయజయధ్వానము చేయును. మందిరము మెట్లక్రింద నిలిచియున్న సైజింగు మిల్లు గుమాస్తాకు ఆ లక్షలో తన యజమాని బాకీ కనబడును. బోలీ సొమ్ము దేవద్రవ్యము. అది బాకీ పెట్టుట మహాదోషమని అందరెరుగుదురు. వర్తకుని సొమ్ముతో దేవద్రవ్యము తీర్చుటయు దోషమే యని సంఘపెద్దలు ఒకమారు సభలో చెప్పిన బాగుండును. ఆ యేడు బోలీ కొంత తగ్గిన తగ్గనిండు.

బళ్ళారి వర్తకుని చేత ఇప్పుడు కంపెనీ లేదు. ఒక పలుచని నోటుపుస్తకము కలదు. అందు ముగ్గురు వర్తకుల పేర్లు, బావమరిది పేరు. మామూలు బాకీకి దావా గడువు మూడేండ్లు. ఆ గడువు దాటిన కోర్టు తలుపు మూయబడును గాని, బాకీ లేకుండ పోదు. ఆ మాట చట్టమే ఒప్పుకొన్నది. ఏలయనగా గడువు దాటిన బాకీనైనను చెల్లింతునని వ్రాసి సంతకము చేసిన, ఆ వాగ్దానము చెల్లునని 1872 నాటి కాంట్రాక్టు చట్టము 25వ సెక్షను చెప్పుచున్నది. అతడు గడువుదాక ఆగలేదు. ప్రతి ఏప్రిలు నెలలో మిగులు బాకీ ఇంత యని వ్రాసి, సంతకము చేసి నలుగురికి పంపును. అందువలన గడువు మరల మొదటినుండి లెక్కకు వచ్చును. తన పెద్దకుమారునికి ఆ పుస్తకము ఎచట నున్నదో చెప్పియుంచెను. ఇప్పుడతడు వేరొకరి దుకాణములో లెక్కలు వ్రాయుచున్నాడు. నెలకు 8,000 చొప్పున ముగ్గురు వర్తకుల బాకీ తీరుటకు 32 నెలలు పట్టును. బావమరిది వంతు ముప్పదిమూడవ నెలలో మొదలగును.